క్రేను అత్తయ్య నిండు గిన్నె

ఆ సాయంత్రం అత్తయ్య పని నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి నడిచి, గట్టు దగ్గర నిలబడే రొట్టె తినడం మొదలుపెట్టింది. కూర లేదు, పాలు లేవు. ఒక ముక్క నోట్లో ఉండగానే ఇంకో ముక్క చేతిలోకి వస్తోంది. అమ్మ చేతిలో కత్తి, క్యారెట్టు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. పొట్లం ఖాళీ అయ్యాక అత్తయ్య ఆ కాగితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి, అప్పుడు మా వైపు తిరిగింది.

"మధ్యాహ్నం నాకు పెట్టింది పిచ్చుకకి పెడితే, అది అలిగి ఎగిరిపోయేది," అంది.

"డైటింగ్ కదా వదినా, అలాగే ఉంటుందేమో," అంది అమ్మ.

"ఇది డైటింగా అమ్మాయ్? ఇది శిక్ష. నేరం ఏమిటో చెప్పకుండా వేసిన శిక్ష."

అత్తయ్యకు కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు రెండు చెవులూ టమాటాల్లా ఉన్నాయి.

అత్తయ్య నాన్నకు అక్క. నేను పుట్టకముందు నుంచీ మాతోనే ఉంటోంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "పైన ఉండిపోయాను, ఎవరికీ అందలేదు" అనేది. అందులో కొంత నిజం ఉంది. ఇనప గొట్టాలూ దూలాలూ నిలవచేసే ఒక పెద్ద షెడ్డులో ఆమె క్రేను నడుపుతుంది. షెడ్డు కప్పుకు కాస్త కిందగా పట్టాలుంటాయి. వాటి మీద క్రేను అటూ ఇటూ నడుస్తుంది. దానికి వేలాడుతూ ఒక అద్దాల గది. ఆ గదిలోకి చేరాలంటే గోడవార నిటారుగా ఉన్న నిచ్చెన ఎక్కాలి. పొద్దున్న ఎక్కితే సాయంత్రం దాకా మా అత్తయ్య అక్కడే.

మధ్యలో దిగి భోజనానికి వెళ్ళే హక్కు ఆమెకుంది. కానీ ఆమె దిగితే క్రేను ఆగుతుంది. క్రేను ఆగితే షెడ్డంతా ఆగుతుంది. అందుకని ఇన్నేళ్ళూ భోజనం పైకే వెళ్ళింది. కింద బరువులకు గొలుసులు కట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ కొక్కెం అంటారు, నేను కొక్కెం బాబాయ్ అంటాను. అత్తయ్య కిటికీలోంచి తాడు వదిలితే, ఆయన దానికి భోజనం సంచీ కట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, గొట్టాల కట్టకు ఇచ్చినట్టే చెయ్యెత్తి గుండ్రంగా తిప్పేవాడు. 'ఎత్తు' అని సైగ. సంచీలో ఉన్నది రెండు రొట్టెలే అయినా ఆ సైగ లేకుండా తాడు కదిలేది కాదు. ఇద్దరికీ అదో సరదా, అదో మర్యాద.

అత్తయ్య లావుగా ఉంటుంది. ముందు నుంచీ కొంచెం, ఆ గదిలో కూర్చోగా కూర్చోగా ఇంకొంచెం. దాని గురించి ఆమెకు పెద్ద బాధ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. బజార్లో పిల్లలెవరైనా "ఆంటీ ఎంత లావో" అని గుసగుసలాడితే వెనక్కి తిరిగి, "ఇంకా పెరుగుతున్నా, జాగ్రత్త" అని వాళ్ళను పరిగెత్తించేది.

ఇబ్బంది కొత్త బెల్టులతో వచ్చింది. నిచ్చెన ఎక్కేవాళ్ళు జారితే పట్టి ఆపే బెల్టులు. పాతవి అరిగిపోయాయని తీసేసి కొత్తవి తెచ్చారు. కొత్త బెల్టు ఎంత బరువు దాకా ఆపగలదో దాని మీదే అచ్చువేసి ఉంది. బూట్లతో, పనిముట్లతో కలిపి అంతకు మించితే ఎక్కకూడదు. అత్తయ్య మించింది. ఇంకో నలుగురైదుగురు కూడా మించారు. పాతికేళ్ళ కుర్రాడి నుంచి, కప్పు రేకులకు రంగులేసే రంగులాయన దాకా. చలికాలం తనిఖీ దాకా గడువిచ్చి ఎక్కనిచ్చారు. ఆలోపు తగ్గితే సరే, లేకపోతే నేల మీద పని. అత్తయ్యకైతే స్టోర్సులో బోల్టులు వేరుచేసే బల్ల.

ఆ నియమాన్ని ఆమె తప్పుపట్టలేదు. "బెల్టుకి మొహమాటం ఉండదు కదా, తెగాలంటే తెగుతుంది. తగ్గుతాను" అంది. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "కింద అందరూ నన్ను లావుపాటామె అంటారు. పైనుంటే 'క్రేనూ' అని పిలుస్తారు" అంది. అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బోల్టుల బల్ల అంటే ఆమెకు ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

మరి తగ్గడం ఎలా? ఇక్కడ మొదలైంది ఆ షెడ్డు తెలివి.

అక్కడ ఒక పద్ధతి ఉంది. కొక్కేనికి తగిలించిన కట్ట క్రేను మోయలేనంత బరువైతే, విప్పి, సగం సగం చేసి ఎత్తుతారు. ఫోర్మన్ నోట్లో రోజూ నలిగే మాట అదే: "బరువెక్కువైతే సగం చెయ్." బరువు తగ్గాల్సిన వాళ్ళ కోసం క్యాంటీన్‌లో వేరే భోజనం పెట్టాలని పైనుంచి ఆదేశం వచ్చినప్పుడు, ఏం పెట్టాలని క్యాంటీన్ మేనేజరు ఫోర్మన్‌నే అడిగాడట. ఫోర్మన్ తల కూడా ఎత్తకుండా, "అందులో ఆలోచించేదేముందయ్యా, సగం చెయ్" అన్నాడట.

అంతే. దానికి 'తేలిక పళ్ళెం' అని పేరు పెట్టారు. పచ్చరంగు చిన్న పళ్ళెం. అందరికీ వండిన అన్నమే సగం గరిటె, నూనెలో ఈదుతున్న అదే వేపుడు సగం గరిటె, అదే కేకు సగం ముక్క. వాళ్ళకు వేరే బల్ల కూడా వేశారు, చేతులు కడిగే తొట్టి పక్కన. పక్కన వచ్చేపోయేవాళ్ళు చేతులు విదిలిస్తే నీళ్ళు పళ్ళెంలో పడేవి. బల్ల పైన గోడకు ఒక పోస్టరు. అందులో వెదురుబద్దలా ఉన్న ఒక అమ్మాయి చేతిలో ఆపిల్ పండు పట్టుకుని, దాన్ని కొరకకుండా ఊరికే నవ్వుతూ ఉంటుంది. కింద 'తక్కువ తిను, తేలిగ్గా ఉండు' అని పెద్దక్షరాలు.

పచ్చ పళ్ళెం వాళ్ళు క్యాంటీన్‌లోనే అందరి ముందూ తినాలని నియమం. పైకి పంపితే ఏం తింటున్నారో ఎవరికి తెలుసు అని! అందుకని అత్తయ్య దిగి, గబగబా నాలుగు మెతుకులు కతికి, పది నిమిషాల్లో మళ్ళీ ఎక్కాలి. మధ్యాహ్నం భోజనానికని దిగి ఆకలితో ఎక్కేది.

సగం కట్ట కడితే రెండుసార్లు ఎత్తాలి. ఈ సంగతి ఆ షెడ్డులో అందరికన్నా బాగా ఫోర్మన్‌కే తెలియాలి. పచ్చ పళ్ళెం వాళ్ళందరూ అదే చేశారు మరి. సాయంత్రం గేటు దాటగానే ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు మీద పడేవాళ్ళు. ఒకరికొకరు ఎదురైతే చూపులు తిప్పుకునేవాళ్ళట. రంగులాయన అయితే వెన్న పూసిన బన్ను టోపీ కింద దాచుకుని నడుస్తూ, మెడ మీదికి వెన్న కారుతుంటే మొహం మాత్రం పెద్దమనిషిలా పెట్టుకున్నాడట. అత్తయ్య చెప్పి నవ్వింది కానీ, నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"దొంగల్లా తిన్నాం అమ్మాయ్. కష్టపడి పనిచేసేవాళ్ళం, రొట్టెముక్క దొంగల్లా తిన్నాం."

నేను చదివిన పుస్తకాల్లో ఆకలి చాలాసార్లు కనిపించింది. కానీ వాటిలో ఆకలితో ఉన్నవాళ్ళు ఎప్పుడూ బక్కచిక్కి, డొక్కలెగరేస్తూ ఉండేవాళ్ళు. లావుపాటి మనిషికి ఆకలేస్తే రాసినవాళ్ళు నాకు తగల్లేదు. అది ఆకలిలా ఎవరికీ కనిపించదనుకుంటాను. కక్కుర్తిలా కనిపిస్తుంది. అత్తయ్య వంటింట్లో నిలబడి రొట్టె తిన్న ఆ సాయంత్రం నాక్కూడా ముందు అలాగే కనిపించింది.

బరువు ఏమీ తగ్గలేదు. తగ్గింది ఓపికే. ఒక మధ్యాహ్నం గొట్టాల కట్ట దించుతుండగా అత్తయ్యకు కళ్ళు చీకట్లు కమ్మి, లీవరు మీద చెయ్యి వణికింది. కట్ట పక్కకు ఊగి, ఖాళీగా ఉన్న ఇనప స్టాండును గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ చప్పుడుకు షెడ్డంతా తలెత్తి చూసింది. అన్నేళ్ళలో అత్తయ్య కొక్కెం గురి తప్పడం ఎవరూ చూడలేదు.

ఫోర్మన్ కింద నుంచే చేతులు నడుముకు పెట్టుకుని, "ఒళ్ళు పెరిగితే చురుకు తగ్గుతుందని నేను ముందే అన్లేదూ!" అని అరిచాడు.

ఆ నడుము గురించి ఒక మాట చెప్పాలి. ఫోర్మన్ నిచ్చెన ఎక్కడు కాబట్టి ఆయనకు బెల్టు లేదు, బెల్టు లేదు కాబట్టి తూకం లేదు. ఆయన చొక్కా బొత్తాలు పడే అవస్థ చూస్తే జాలేస్తుందని అత్తయ్య అనేది. గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

ఆ రోజు సాయంత్రం కొక్కెం బాబాయ్ అత్తయ్యను బలవంతంగా షెడ్డు నర్సు దగ్గరికి తీసుకెళ్ళాడు. నర్సు వయసులో చిన్నది, మాటలో గట్టిది. అత్తయ్య చెయ్యి పట్టుకు చూసి, మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగింది. అత్తయ్య చెప్పింది. నర్సు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సగమా? సగం పెట్టమని ఎవరన్నారు? బరువు తగ్గే భోజనం పెట్టమని కదా నేను చెప్పి పంపింది!"

"ఉన్నదాన్నే సగానికి కోశారమ్మా."

"ఆ నూనె వేపుడూ, ఆ కేకూ?"

"అవీ సగమే."

నర్సు మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తరవాత అత్తయ్యకు ఓపిగ్గా చెప్పింది. కడుపు నిండాలి, పళ్ళెం నిండాలి, కానీ నింపే సరుకు మారాలి. ఆకుకూర, క్యాబేజీ, సొరకాయ, టమాటా లాంటి నీళ్ళున్న కూరగాయలు ఎంతైనా తినొచ్చు. వాటితో పాటు ఆకలి ఆపే శనగలో, బీన్సో, గుడ్డో ఉండాలి. అన్నం కొంచెం, నూనె చుక్క. "పళ్ళెం చిన్నది చేసుకోకండి అక్కా. ఇంకా పెద్దది పెట్టుకోండి" అంది. నర్సు ఆ మాటే వెళ్ళి క్యాంటీన్ మేనేజరుకు చెబితే, 'మాకు సగం అని ఒప్పందం, మార్చాలంటే పైనుంచి రావాలి' అన్నాడట. పైనుంచి రావాల్సింది వచ్చేలోపు అత్తయ్య కిందికి దిగిపోవాల్సి వచ్చేది.

ఇక ఇంట్లో మొదలైంది వంట.

మా ఇంట్లో అందరికన్నా పెద్ద గిన్నె ఒకటి అటకమీద ఉండేది. మూతా, రెండు చెవులూ ఉన్న స్టీలు గిన్నె. అత్తయ్య అది దింపించింది. శనగలు రాత్రే నానబెట్టడం. పొద్దున్నే అవి ఉడుకుతుంటే క్యాబేజీ, క్యారెట్టు, సొరకాయ, టమాటాలు తరిగి అందులో వెయ్యడం. చివర్లో రెండు పెద్ద కట్టల పాలకూర. గిన్నెలో పట్టదనుకున్న పాలకూర మూతపెట్టి తీసేసరికి గుప్పెడైపోయేది. వెల్లుల్లి, మిరియాలు, పైన నిమ్మకాయ. వేరే డబ్బాలో ఉడకబెట్టిన గుడ్డు, దోసకాయ ముక్కలు, గట్టి పెరుగు.

మొదటి రోజు రుచి చూసి అత్తయ్య మొహం చిట్లించింది. "అమ్మాయ్, ఇది వంటా, తోట కడిగిన నీళ్ళా?"

"మీరే కదా వదినా ఉప్పు తగ్గించమన్నది."

"తగ్గించమన్నాను, తగలెయ్యమన్నానా?"

"అయితే మీరే వండుకోండి. రేపట్నుంచి నేను మంచమ్మీంచి లేవను."

"లేవకపోతే నిన్నూ క్రేనుతో లేపుతా."

ఇద్దరూ అలా పొడుచుకుంటూనే వారం తిరిగేసరికి దారిలో పడ్డారు. శనగలు కొన్ని మెదిపి కలిపితే పులుసు చిక్కబడుతుందని అమ్మ కనిపెట్టింది. ఉల్లిపాయ నూనె లేకుండా మాడీ మాడకుండా వేయించి వేస్తే వాసన నిలబడుతుందని అత్తయ్య కనిపెట్టింది. ఎవరు కనిపెట్టింది గొప్ప అన్న విషయం ఇప్పటికీ తేలలేదు.

సాయంత్రం ఇంటికొచ్చిన అత్తయ్య చేతులు రొట్టెల పొట్లం కోసం వెతకడం మానేశాయి. కాసేపు కూర్చుని, వేడి నీళ్ళు తాగి, అప్పుడు మాట్లాడేది. బరువు నెమ్మదిగా కదిలింది. నర్సు తూచి తలూపి పంపేది.

పచ్చ పళ్ళెం ముందు హాజరీ వేసుకోవడం మాత్రం తప్పలేదు. దాని ముందు కూర్చుని, తీసుకున్నట్టు చూపించి, రంగులాయన వైపు జరిపేసి, పైకెక్కి తన గిన్నె తాడుతో లాక్కుని తినేది. కొక్కెం బాబాయ్ యథాప్రకారం చెయ్యి తిప్పేవాడు. గిన్నె బరువుకు తాడు కిర్రుమనేది. కింద కుర్రాళ్ళు, "క్రేనూ, డైటింగుకి గంగాళమా? ఇంకో వారంలో బాయిలరు తెస్తావా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె కిటికీలోంచి గరిటె ఊపేది.

ఆ గంగాళమే ఫోర్మన్ కంట్లో పడింది.

ఆ రోజు జరిగింది కొక్కెం బాబాయ్ సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పాడు. పక్కనే కూర్చున్న అత్తయ్య మధ్యమధ్య "అలా కాదు, ఇలా" అని దిద్దుతూ వచ్చింది.

బాబాయ్ తాడుకు సంచీ కడుతుంటే ఫోర్మన్ వచ్చాడు.

"ఆగాగు. ఏంటది?"

"క్రేనమ్మ భోజనం సార్."

"భోజనమా? పెళ్ళివారి వంటలా ఉంది. ఇందుకే కదా తగ్గనిది! క్యాంటీన్‌లో పచ్చ పళ్ళెం, పైకెళ్ళి పొయ్యి మీది గిన్నె. దించు."

బాబాయ్ చెయ్యి తాడు మీదే ఉంది. "ఆవిడ భోజనం సార్ అది."

"దించమన్నానా!"

ఫోర్మన్ తనే సంచీ విప్పి, గిన్నె గొట్టాల కట్ట మీద పెట్టి, మూత తీశాడు. పనాపి కుర్రాళ్ళు చుట్టూ చేరారు. ఆయన సంచీలోని గరిటె తీసుకుని, అందరూ చూస్తుండగా, గిన్నె అడుగు దాకా కెలికాడు. మాంసం దాచిందా, వేపుడు దాచిందా అని. శనగలూ ఆకూ తప్ప ఏమీ తేలలేదు. తేలకపోయేసరికి ఇంకా మండింది.

"ఏదైతే ఏం, ఇంత తింటే ఏదైనా ఒళ్ళే అవుతుంది. ఇవాళ్టి నుంచి బయటి తిండి పైకి పోదు. పచ్చ పళ్ళెంలో పేరుంది, అదే తినాలి."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు! ఆ మాట విన్నప్పుడు మా అమ్మ చేతిలోని గ్లాసును ఠక్కున బల్ల మీద పెట్టింది.

అత్తయ్య పైనుంచి చూస్తోంది. ఆమె గదికి నేల కూడా అద్దమే. కిందున్న బరువు కనిపించాలని అలా కట్టారు. ఆ అద్దంలోంచి తన గిన్నె చుట్టూ మూగిన తలలూ, గరిటె పట్టిన చెయ్యీ కనిపించాయి. ఆమె క్రేను గంట మోగించింది. బరువు కదిలేటప్పుడు కింద జనాన్ని తప్పుకోమని మోగించే గంట అది. ఆగకుండా మోగింది. షెడ్డులో ఒక్కో యంత్రం ఆగింది. ఆమె కొక్కేన్ని పైకి లాగేసి, తాళం తిప్పి, నిచ్చెన దిగింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టూ బూటుతో తడిమి.

దిగాక నేరుగా వెళ్ళి, "నా గిన్నె ఇవ్వండి" అంది.

ఫోర్మన్ ఇచ్చాడు. ఆమె గిన్నె పట్టుకుని షెడ్డు నడిమధ్యకు వెళ్ళింది. బరువులు దించడానికి పసుపు గీతలతో గీసిన చదరం ఉంది అక్కడ. దాని మధ్యలో ఒక చెక్క దుంగ మీద కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొక్కెం బాబాయ్ సీసాలోని నీళ్ళతో గరిటె కడుక్కుని తినడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ఫోర్మన్.

"భోజనం."

"లారీ వెయిటింగ్‌లో ఉంది."

"నేనూ ఇన్నేళ్ళూ వెయిటింగ్‌లోనే తిన్నాను సార్. బరువు బరువుకీ మధ్య ఒక్కో ముద్ద. మీ పనాగకూడదని. ఇది నా భోజనం వేళ. దిగి తినే హక్కు నాకుంది. ఇవాళ్టి నుంచి దిగే తింటాను."

"డ్రామాలాడకు. లే."

"కట్ట కింద మనిషుంటే ఎత్తకూడదు, మనిషి నోట్లో ముద్ద ఉంటే లేపకూడదు," అంది అత్తయ్య. ఈ రెండో నియమం ఎక్కడుందని ఫోర్మన్ అడగలేదు. అడగనిచ్చే మొహం కాదట అత్తయ్యది.

ఆమె తొందరపడలేదు. శనగలు నమిలింది. గుడ్డు పొట్టు ఒలిచి, పొట్టంతా మూతలో కుప్ప పెట్టింది. లారీ డ్రైవరు దిగొచ్చి, విషయం కనుక్కుని, "తిననీండి సార్, తినే మనిషిని లేపడమేంటి" అని తనూ ఓ పక్క చతికిలబడ్డాడు. కాసేపటికి రంగులాయన మెల్లగా దగ్గరికొచ్చాడు.

"క్రేనూ, కొంచెం రుచి చూపిస్తావా? వాసనకి ప్రాణం పోతోంది."

అత్తయ్య గుడ్డు డబ్బా మూతలో రెండు గరిటెలు పోసిచ్చింది. ఆయన తిని, "ఇందులో కడుపు నిండుతుంది కదా!" అన్నాడట, మోసపోయినవాడిలా. ఆ మాట చెబుతున్నప్పుడు కొక్కెం బాబాయ్ నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

గిన్నె ఖాళీ అయ్యాక అత్తయ్య మూతపెట్టి లేచింది. ఫోర్మన్ ఎదురుగా వెళ్ళి, గొంతు పెంచకుండా అంది:

"ఆ రోజు స్టాండుకి తగిలింది నా ఒళ్ళు పెరిగి కాదు. మీ సగం పళ్ళెం తిని చెయ్యి వణికి. ఆ రోజు స్టాండు దగ్గర మనిషుంటే, నేను బతికున్నన్నాళ్ళూ అన్నం తినగలిగేదాన్ని కాదు. నన్ను లావన్నారు, పడ్డాను. బెల్టు చాలదన్నారు, ఒప్పుకున్నాను. నా గిన్నెలో గరిటె పెట్టి కెలికారే, అది మాత్రం ఒప్పుకోను."

తరవాత నిచ్చెన ఎక్కింది.

మర్నాడూ దిగి తింది. ఆ మర్నాడూ. ప్రతి మధ్యాహ్నం షెడ్డు నిశ్శబ్దమైపోయేది. లారీలు వరసకట్టేవి. ఆ వారం చివర కొక్కెం బాబాయ్ దగ్గరికి ఫోర్మన్ వచ్చి, ఎటో చూస్తూ, "ఆ తాడు సంగతి... పాత పద్ధతే కానీయండి" అన్నాడట. క్షమాపణ లేదు. గిన్నె కెలికిన సంగతి ఎత్తనే లేదు. అత్తయ్యకు ఆ మాట చేరినప్పుడు, "నా మీద కాదు, లారీల మీద జాలేసిందన్నమాట" అంది. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

తనిఖీ రోజు వచ్చింది. నర్సు గదిలో తూకం. అత్తయ్య బూట్లతో, పనిముట్ల సంచీతో సహా ఎక్కి నిలబడింది. రాత్రి భోజనం మానేసి రమ్మని ఎవరో సలహా ఇస్తే, "మానను. తిన్న మనిషిగానే ఎక్కుతాను" అని మామూలుగా తినే వెళ్ళింది. ముల్లు బెల్టు ఆపగలిగే బరువుకు కాస్త ఇటువైపే ఆగింది. నర్సు రెండోసారి ఎక్కించి చూసింది. అదే. "వెళ్ళండక్కా, మీ గది మీదే" అంది. సన్నబడిందని ఎవరూ అనలేరు. బజారు పిల్లలు ఇప్పటికీ గుసగుసలాడతారు. బెల్టుకి మాత్రం చాలింది.

కథ ఇక్కడితో అయిపోయుంటే అత్తయ్య కోపం ఎప్పటికైనా చల్లారేదేమో.

తూకం గది బయట క్యాంటీన్ మేనేజరు పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కెమెరాతో ఒకతను.

"అభినందనలమ్మా! మా తేలిక పళ్ళెం సాధించిన మొదటి విజయం మీరే. ఒక్క ఫోటో. పచ్చ పళ్ళెం ఇలా పట్టుకుని నవ్వండి. పోస్టరు వేయిస్తున్నాం. మిగతా షెడ్డులకి కూడా పంపుతాం."

పచ్చ పళ్ళెం నిజంగానే ఆమె చేతిలో పెట్టాడు. అందులో సగం గరిటె అన్నం, సగం గరిటె వేపుడు, సగం ముక్క కేకు. ఫోటో కోసమని వేపుడు మీద కొత్తిమీర కూడా చల్లారు.

అత్తయ్య ఆ పళ్ళేన్ని కాసేపు చూసింది. "నేనిది తిని తగ్గానని చెబుతారా?"

"అంటే... మా పథకంలో ఉండగానే కదమ్మా తగ్గారు."

"మీ పథకంలో ఉండీ తగ్గాను. బాబూ, నా మొహం కింద ఈ పళ్ళెం పెడితే, ఇంకో షెడ్డులో నాలాంటిది చూసి నమ్ముతుంది. నమ్మి అర్ధాకలితో నిచ్చెనెక్కుతుంది. దాని చెయ్యి వణికితే కట్ట ఎవరి మీద పడుతుందో మీకు తెలుసా?"

"అబ్బే, మీరు పెద్దగా ఆలోచిస్తున్నారు. ఒక్క ఫోటోనే..."

"తీసుకోండి, కాదన్ను. నా గిన్నెతో తీయండి. మూత తీసి, లోపలేముందో కనబడేలా."

మేనేజరు నవ్వడానికి ప్రయత్నించాడు. "బయటి తిండికి మేం ప్రచారం ఎలా చేస్తామమ్మా? రూలు ఒప్పుకోదు."

"అయితే ఆ నవ్వే అమ్మాయినే ఉంచుకోండి. ఆ పిల్లకి ఆకలేస్తున్నా మీకు తెలీదు, బొమ్మ కాబట్టి." పళ్ళెం తిరిగి ఆయన చేతిలో పెట్టి, పూలగుత్తి ముట్టుకోకుండా, బెల్టు బిగించుకుంటూ వెళ్ళిపోయింది.

కొక్కెం బాబాయ్ నిచ్చెన కింద గిన్నెతో ఎదురుచూస్తున్నాడు. ఆ రోజు పక్కన, తూకానికి తన వంతు ఇంకా రాని రంగులాయన కూడా ఉన్నాడు. ఆయన చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న మరో గిన్నె. కప్పు మీద పని కదా, అదీ పైకెళ్ళాలి. ఆ పాతికేళ్ళ కుర్రాడూ ఏదో డబ్బా పట్టుకుని వెనక నిలబడ్డాడు, సిగ్గుపడుతూ. అత్తయ్య పైకెక్కాక తాడు దిగింది. బాబాయ్ మూడూ కలిపి కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యెత్తి గుండ్రంగా తిప్పాడు. దూరంగా ఫోర్మన్ ఆ సైగ చూసి మొహం తిప్పుకున్నాడు. గిన్నెలు ఊగకుండా, తిన్నగా, పైకి లేచాయి.

ఆ సాయంత్రం అత్తయ్య గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పి, పక్కన జతగా పెట్టి, అప్పుడు లోపలికొచ్చింది. అమ్మ ఎదురెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"గెలిచారుగా వదినా! ఇంకా ఆ మొహమేంటి?"

"గెలిచానా? తొట్టి పక్కన ఇంకో ముగ్గురు పచ్చ పళ్ళెం ముందు కూర్చుని ఉన్నారు అమ్మాయ్. నీళ్ళు చిందుతూనే ఉన్నాయి. గోడ మీద ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది." అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి అటక వైపు చూసింది. "మన గిన్నెకన్నా పెద్దది ఎవరింట్లోనైనా దొరుకుతుందేమో కనుక్కో. శనగలు ఇప్పుడే నానబెడదాం."